పెద్దల పేరిట విడిచిన ఆంబోతు
(రోలుగుంట ప్రాంతపు పశుపోషకుల కొరకు ప్రసంగ పాఠము)



పశువుల పెంపకంలో పేరు పొందిన పెద్ద రైతు ఒకరు కాలము చేస్తే ఆయనను మనము ఏ విధంగా గౌరవిస్తాము? దినవారాలు జరుపుతాము. బంధువులకు, ఊరివారికి భోజనాలు పెడతాము. నలుగురము కూర్చొని ఆయన ఎడ్ల జత గురించి, ఆయన ఇంట కుండ నిండా పాలిచ్చిన ఆవు గురించి చెప్పుకొంటాము. ఇవన్నీ మంచివే. అయితే మన పూర్వులకు ఇంతకంటె గట్టి పద్ధతి ఒకటి ఉండేది. దానిని గురించి, ఆ పద్ధతి వలన ప్రపంచమంతటా పేరు మోసిన ఒక పశుజాతిని గురించి, దానిని పెంచిన రైతును గురించి నేడు మీతో ముచ్చటించదలచాను.

ఇంటి పెద్ద పోయినప్పుడు ఆయన పేరిట ఒక కోడెదూడను ఎంచి, దాని తొడపై అచ్చు వేసి, ఊరి మందలోకి విడిచిపెట్టడము మన దేశములో చాలాకాలముగా ఉన్న ఆచారము. దీనిని శాస్త్రము తెలిసినవారు వృషోత్సర్జనము అన్నారు. పల్లెలో మనము అచ్చుబోసిన ఆంబోతు అంటాము. ఆ ఆంబోతును కాడికి కట్టరు, కొట్టరు. చేలో పడినా అదిలించి తోలుతారే గాని బందెలదొడ్డికి తోలరు. అది ఊరందరిది. ఊరి ఆవులకు పుట్టే దూడలు దాని సంతానము. చనిపోయిన మనిషి పేరు ఆ ఆంబోతుతో పాటు పది పన్నెండేళ్ళు ఊరిలో తిరిగేది. ఆయన పోయినా ఆయన చేసిన మేలు ప్రతి ఇంటి కొట్టములోను దూడ రూపములో పుట్టేది.

ఈ ఆచారములో పుణ్యము సంగతి అలా ఉంచి, వ్యవసాయదారుని కంటితో చూడండి. ఊరి మంద బాగుపడవలెనంటే మంచి విత్తనపు ఆంబోతు కావలెను. అటువంటి ఆంబోతును మేపడము ఒక్క ఇంటివారికి భారము. అందువలన ఊరంతా కలిసి మేపుకొనే ఏర్పాటును పెద్దల స్మృతితో ముడిపెట్టినారు. కోడెను ఎంచేటప్పుడు పేరు నిలవవలెనన్న పట్టుదల ఉంటుంది గనుక అవిటిదానిని, పిరికిదానిని విడువరు. పశుపోషకుని గౌరవించడానికి ఇంతకంటె తగిన పద్ధతి మరొకటి లేదు.

ఒంగోలు సీమ రైతు

ఈ పద్ధతిని శ్రద్ధగా పాటించిన చోట ఏమి జరిగినదో ఒంగోలు సీమ చెబుతున్నది. గుండ్లకమ్మకు, ఆలూరు ఏటికి నడుమనున్న ప్రాంతము ఒంగోలు జాతికి పుట్టినిల్లు. అక్కడి నేలలో సున్నము పాలు ఎక్కువ. జొన్న చొప్ప, పిల్లిపెసర మేత. ఆ నేల, ఆ మేత ఎముకకు పుష్టినిచ్చినవి. అయితే నేలయు మేతయు ఉన్నంత మాత్రాన జాతి తయారు కాదు. ఊరి పెద్దలు కూర్చొని, ఏ ఇంటి ఆవు కడుపున పుట్టిన కోడెను ఆంబోతుగా విడవవలెనో చూచి నిర్ణయించేవారు. తల్లి పాడి ఎట్టిది, తండ్రి నడక ఎట్టిది, మూపురము నిటారుగా ఉన్నదా, గంగడోలు నిండుగా ఉన్నదా, గిట్టలు నల్లగా గట్టిగా ఉన్నవా అని విచారించేవారు. ఇట్లా తరతరాలు ఎంచుకొంటూ వచ్చినందువలననే తెల్లని మేను, నల్లని కంటి రెప్పలు, పొట్టి కొమ్ములు, బరువులాగే సత్తువ కలిగిన జాతి నిలిచినది.

ఒంగోలుకు దగ్గరలో కరవది అను గ్రామము ఉన్నది. మేలుజాతి గిత్తలకు ఆ ఊరు పెట్టినది పేరు. కరవది అనగానే ఆ ప్రాంతపు రైతులు పోలవరపు చెంచురామయ్యగారి పేరు చెబుతారు. ఆ ఊరి నుండి బ్రెజిల్ దేశము వెళ్ళిన ఆంబోతు కథ పశుపోషకులు ఎక్కడ కలిసినా వినవచ్చును. 1960 తరువాతి సంవత్సరాలలో బ్రెజిల్ పశుపోషకులు మన దేశానికి వచ్చి, ఊరూరా తిరిగి, తమకు నచ్చిన ఒంగోలు పశువులను కొనుక్కొని పోయినారు. వారిలో టోర్రెస్ హోమెమ్ రోడ్రిగెస్ ద కున్యా అనే ఆయన 1962 నాటి దిగుమతిలో తీసుకొని వెళ్ళిన ఆంబోతుకు కర్వాది అని పేరు. మన కరవది గ్రామము పేరే అది. అదే కాలములో వెళ్ళిన మరికొన్నిటికి గోదావరి, ఆకాశము, తాజ్ మహల్ అని పేర్లు ఉన్నవి. దేశములోకి జబ్బులు రాకుండా ఆ పశువులను మొదట ఫెర్నాండో ద నొరోన్యా అనే ద్వీపములో కొన్ని మాసాలు ఉంచి పరీక్షించి, ఆ తరువాతనే లోపలికి రానిచ్చినారు.

అంతకుముందే మన పశువులు ఆ దేశము చేరినవి. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఓడ ఒకటి బ్రెజిల్ లోని సాల్వడార్ రేవులో ఆగినప్పుడు అందులోని ఒంగోలు జంట అక్కడ అమ్ముడుపోయినది. 1878లో మాన్యుయెల్ లెమ్‌గ్రూబర్ అనే పశుపోషకుడు జర్మనీలోని హాంబర్గు జంతుశాలలో ఒంగోలు పశువులను చూచి ముచ్చటపడి కొన్నాడు. ఆయన మంద సంతతిని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. నెల్లూరు పేరు వారి నోట నెలోర్ అయినది. నేడు బ్రెజిల్ లో 20 కోట్లకు పైగా పశువులు ఉన్నవి. వాటిలో మూపురము గల జాతులదే పెద్ద పాలు, ఆ జాతులలో నెలోరుదే మొదటి స్థానము. అమెరికాలోని బ్రాహ్మన్ అనే జాతిలో కూడ ఒంగోలు రక్తము కలదు.

కర్వాది సంతతి ఆ దేశపు నెలోర్ మందలలో విస్తారముగా వ్యాపించినది. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడవ వంతు వాటా అమ్మినప్పుడు ఆ ఆవు మొత్తము విలువ 2 కోట్ల 10 లక్షల రియాలుగా తేలినది. మన డబ్బులో 30 కోట్ల రూపాయలకు పైమాట. అప్పటికి ప్రపంచములో అంత ధర పలికిన ఆవు మరొకటి లేదని గిన్నిస్ వారు నమోదు చేసినారు. ఆ ఆవు బరువు సుమారు 1,100 కిలోలు. మన ఒంగోలు సీమ రైతు తన చేతితో దువ్వి, కడిగి, మేపిన పశువుల సంతతి అది.

వ్రాసిన వానికి నిలిచినది

ఇక్కడ ఒక సంగతి ఆలోచించవలెను. ఆంబోతును తయారు చేసినది మనము. దాని వలన అంత లాభము పొందినది వారు. ఎందువలన?

వారికి విస్తారమైన బీళ్ళు ఉన్నవి, నిజమే. వారు మాంసము కొరకు పెంచినారు, మనము కాడి కొరకు, పాడి కొరకు పెంచినాము, అదియు నిజమే. ఎండకు తాళి, పిడుదులకు లొంగక, ముతక గడ్డి తిని బ్రతికే మన పశువు గుణము వారి నేలకు సరిపోయినది. అయితే ఇవన్నీ ఒక ఎత్తు, వారు చేసిన ఒక్క పని మరొక ఎత్తు. వారు వ్రాసి పెట్టుకొన్నారు. ఉబెరాబా పట్టణములోని పశుపోషకుల సంఘము 1938 నుండి మూపురపు జాతుల వంశావళిని నమోదు చేస్తూ వచ్చినది. ఏ దూడ ఏనాడు పుట్టినది, తండ్రి ఎవరు, తల్లి ఎవరు, ఏడాదికి ఎంత బరువు పెరిగినది అన్నీ పుస్తకానికి ఎక్కినవి. ఆ సంఘము నేటికీ ఏటేటా పెద్ద పశు ప్రదర్శన జరుపుతున్నది. నేడు అక్కడి రైతు తన పెయ్య వంశాన్ని కర్వాది వరకు చదివి చెప్పగలడు.

మన రైతు తెలివి తక్కువదా? కాదు. ఆయన కన్ను వారి పుస్తకానికి ఏ మాత్రము తీసిపోదు. పుట్టిన మూడవ నాడు దూడను చూచి, ఇది విత్తనానికి నిలుస్తుందో లేదో చెప్పగల పెద్దలు మన పల్లెల్లో ఉండేవారు, ఇప్పటికీ అక్కడక్కడ ఉన్నారు. కాని ఆ విద్య అంతా వారి నోటనే ఉన్నది. పెద్దాయన పోయిన నాడు ఆ పుస్తకము కూడ ఆయనతో పోతున్నది. కొడుకు పట్నములో కొలువు చేస్తాడు, ట్రాక్టరు వచ్చినది గనుక ఎడ్లు అమ్ముతారు, మంచి ఆవు సంతకు పోతుంది. కొన్నవానికి దాని తల్లి సంగతి తెలియదు. మూడు తరాలు కష్టపడి ఎంచిన గుణము ఒక్క సంతనాటికి చెదిరిపోతుంది.

ఒంగోలు గిత్తకు గౌరవాలకు లోటు లేదు. 2002లో హైదరాబాదులో జరిగిన జాతీయ క్రీడలకు ఒంగోలు గిత్తనే చిహ్నముగా పెట్టుకొన్నారు. గుంటూరు, ప్రకాశము సీమలలో బండలాగుడు పోటీలకు జనము తిరునాళ్ళకు వచ్చినట్లు వస్తారు. ఆ పోటీల పుణ్యమా అని కొందరు రైతులు ఇప్పటికీ లక్షలు పోసి గిత్తలను సాకుతున్నారు. చదలవాడ, చింతలదేవి క్షేత్రములు, గుంటూరు వద్ద లాం లోను, మహానందిలోను ఉన్న పశు పరిశోధనా స్థానములు జాతిని కాపాడే పని చేస్తున్నవి. అయినా జాతి నిలవవలసిన అసలు చోటు రైతు కొట్టము. ప్రభుత్వ క్షేత్రములో వందల పశువులు ఉండవచ్చును. ఊళ్ళలో ఉండవలసినవి వేలు.

మన రోలుగుంట సంగతి

మీరు అడగవచ్చును, ఒంగోలు ఎక్కడ, రోలుగుంట ఎక్కడ అని. న్యాయమైన ప్రశ్న. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నము జిల్లా నుండి విడివడిన అనకాపల్లి జిల్లాలోని ఈ ప్రాంతము తూర్పు కనుమల పాదాన ఉన్నది. ఇక్కడి నాటు పశువు పొట్టిది. కొండవాలు ఎక్కి మేస్తుంది, తక్కువ మేతతో నిలుస్తుంది, వానకు మడిలో దుక్కి చేస్తుంది. పాలు తక్కువ. అందువలన పాడి కొరకు గేదెను, సంకరజాతి ఆవును పెంచుకొన్నారు. ఉదయము, సాయంత్రము పాల కేంద్రానికి పాలు పోసి ఆ డబ్బుతో పిల్లల చదువులు నడుపుకొంటున్న ఇళ్ళు ఎన్నో ఉన్నవి. అందరూ ఒంగోలు పశువులనే కొనండని చెప్పడము నా ఉద్దేశము కాదు. సగటు ఒంగోలు ఆవు ఒక ఈతకు సుమారు 800 కిలోల పాలు మాత్రమే ఇస్తుంది. పాల డబ్బుపై బ్రతికే ఇంటికి అది చాలదు. మీ ఇంటికి, మీ మేతకు ఏ జాతి తగునో పశువైద్యునితో మాట్లాడి నిర్ణయించుకొనవలెను.

నేను చెప్పదలచినది జాతి ఏదైనా వర్తిస్తుంది. నాటు ఆవు కానీ, ముర్రా గేదె కానీ, సంకరజాతి పెయ్య కానీ, దానిలోని మేలు గుణము ఎవరో ఒక రైతు ఎంచి నిలిపినదే. ఆయన పేరు నిలవవలెనంటే ఆయన ఎంచిన వంశము నిలవవలెను.

ఆంబోతు మీద ఇంత పట్టు ఎందుకో లెక్క వేసి చూడండి. మంచి ఆవు తన జీవితములో ఏడెనిమిది ఈతలు ఈనుతుంది. ఆవు గుణము ఆ ఏడెనిమిది దూడలకే అందుతుంది. మందలో తిరిగే ఆంబోతు ఏడాదికి 50, 60 ఆవులకు సరిపోతుంది. దూడకు సగము గుణము తల్లి నుండి, సగము తండ్రి నుండి వస్తుంది గనుక ఒక్క చెడ్డ ఆంబోతు ఊరి మందను మూడేళ్ళలో పాడుచేస్తుంది, ఒక్క మంచి ఆంబోతు అంత కాలములోనే దారికి తెస్తుంది. కృత్రిమ గర్భధారణలో ఒకే ఆంబోతు వీర్యమును ద్రవ నత్రజనిలో సున్నాకు దిగువ 196 డిగ్రీల చలిలో ఉంచి వేలకొలది పశువులకు వాడవచ్చును. అచ్చుబోసిన ఆంబోతు చేసిన పనినే నేడు ఆ సన్నని గొట్టము చేస్తున్నది. కాని ఆనాడు ఆంబోతు ఎవరి ఇంటిదో ఊరందరికీ తెలుసు. నేడు గొట్టము మీద ఆంబోతు సంఖ్య ఉన్నా మనము చూడము, అడగము, వ్రాసుకొనము.

చేయవలసిన పనులు

ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఈ క్రింది పనులు ప్రతి ఇంటను చేయవచ్చును.

మొదటిది, ప్రతి పశువుకు ఒక పుట కేటాయించి నోటుపుస్తకము పెట్టండి. పశువు చెవికి వేసే 12 అంకెల పోగు సంఖ్యను పైన వ్రాయండి. ఎదకు వచ్చిన తేదీ, గర్భధారణ చేయించిన తేదీ, ఆంబోతు సంఖ్య, ఈనిన తేదీ, పెయ్యా కోడెయా, వారానికి ఒక రోజు కొలిచిన పాలు వ్రాయండి. ఇంటిలో బడికి పోయే పిల్లకు ఈ పని అప్పగిస్తే చక్కగా చేస్తుంది.

రెండవది, ఎద కనిపెట్టడములో ఏమరుపాటు తగదు. ఎద 21 రోజులకు ఒకసారి వస్తుంది. ఉదయము ఎద కనపడితే ఆ సాయంత్రము, సాయంత్రము కనపడితే మరునాటి ఉదయము చేయించవలెను. ఒక ఎద తప్పితే మూడు వారాల మేత వృథా. ఆవు చూలు సుమారు 280 రోజులు, గేదె చూలు సుమారు 310 రోజులు. తేదీ వ్రాసి ఉంటే ఈనే సమయానికి ముందే సిద్ధముగా ఉండవచ్చును.

మూడవది, పుట్టిన దూడకు గంట, రెండు గంటలలోపల జున్నుపాలు తాగించవలెను. దూడ బరువులో పదవ వంతు పాలు రోజుకు అందవలెను. మాయ పడేవరకు తాగనివ్వకూడదను మాట కొన్ని ఇళ్ళలో వినిపిస్తుంది. అది దూడ ప్రాణానికి ముప్పు. ఆ మొదటి పాలలోనే జబ్బులను తట్టుకొనే శక్తి ఉన్నది.

నాలుగవది, గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు తప్పక వేయించండి. చూలు నిలువకుండ చేసే బ్రుసెల్లా జబ్బుకు 4 నుండి 8 నెలల వయసు పెయ్యలకు జీవితములో ఒకసారి టీకా వేయిస్తే చాలును.

అయిదవది, ఊరి మందలో ఆంబోతు ఉన్నట్లయితే మూడేళ్ళకు మించి ఉంచరాదు. అప్పటికి దాని పెయ్యలే ఎదకు వస్తాయి. తండ్రికి కూతుళ్ళకు పుట్టిన సంతతి బలహీనమవుతుంది. పొరుగు ఊరితో ఆంబోతును మార్చుకొంటే ఇద్దరికీ లాభము. పనికిరాని కోడెలకు చిన్ననాడే విత్తులు కొట్టించవలెను.

ఆరవది, అన్నిటికంటె ముఖ్యమైనది. మంచి తల్లికి పుట్టిన మంచి కోడెదూడను డబ్బు అవసరమని సంతకు తోలకముందు ఊరిలో నలుగురికి చెప్పండి. పశువైద్యునికి చూపించండి. ఒక్కరు మేపలేకపోతే పదిమంది కలిసి మేపండి.

ఎవరిని గౌరవించవలెను

ఇంకొక మాట. పశుపోషకుని గౌరవిద్దామని సభలు పెట్టినప్పుడు దండ ఇంటి యజమాని మెడలో పడుతుంది. తెల్లవారుజామున లేచి కసవు ఊడ్చి, కుడితి పెట్టి, పాలు పితికి, ఈనే రాత్రి దీపము పట్టుకొని కూర్చొనేది ఆ ఇంటి తల్లి. ఏ పశువు ఎదకు వచ్చినదో, దేనికి మేత సయించలేదో మొట్టమొదట తెలిసేది ఆమెకే. ఎండలో వానలో మంద వెంట తిరిగే కాపరి పేరు ఎవరూ తలవరు. కరవది ఆంబోతు వెనుక కూడ ఇటువంటి చేతులు ఎన్నో ఉండి ఉంటాయి. అందువలన మీ పుస్తకములో పశువు పేరు పక్కన దానిని సాకిన వారి పేరు కూడ వ్రాయండి.

మీ ఊరిలో పశువుల సంగతి తెలిసిన పెద్దవారు ఇప్పుడు ఎందరు ఉన్నారో లెక్క చూడండి. ఎనభై దాటినవారు ఉంటారు. వారి వద్దకు చదువు వచ్చిన కుర్రవాడిని పంపి, తాత, నాయనమ్మ చెప్పినది చెప్పినట్లు వ్రాయించండి. ఏ ఇంటి ఆవు పాడి మంచిదిగా ఉండేది, దాని సంతతి ఇప్పుడు ఎవరి కొట్టములో ఉన్నది, ఏ కరువులో ఏ పశువులు నిలిచినవి, కొండపై ఏ ఆకు దేనికి పెట్టేవారు, కోడెను ఎంచేటప్పుడు మొదట ఏమి చూచేవారు, ఇవన్నీ అడగండి. వారు జీవించి ఉండగా చేసే గౌరవము ఇది.

వారు పోయిన తరువాత చేసే గౌరవము మన పూర్వులే చెప్పినారు. దినవారాల ఖర్చులో కొంత మిగిల్చి, పెద్దాయన మెచ్చిన వంశములోని ఒక కోడెను గానీ, పేద ఇంటికి ఒక మంచి పెయ్యను గానీ ఆయన పేరిట ఇవ్వండి. దానికి ఆయన పేరు పెట్టండి. దాని దూడలను పుస్తకానికి ఎక్కించండి. ఎక్కడో బ్రెజిల్ దేశములో మన తెలుగు ఊరి పేరు ఒక ఆంబోతు వలన నిలిచినది. రోలుగుంటలో మీ తండ్రి పేరు, మీ తల్లి పేరు నిలపడానికి మీ కొట్టములోని దూడ చాలును.

కనుమ నాడు కొమ్ములకు రంగు పూసి, పశువుకు మొక్కే ఆచారము మనకు ఉన్నది. వచ్చే కనుమ నాటికి ప్రతి ఇంటను ఆ నోటుపుస్తకములో మొదటి పుట నిండి ఉండవలెనని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.